ఏనుగు మా చెరుకులోకి వచ్చిందా, మేమే దాని దారిలో చెరుకు వేశామా?

పలమనేరు చెరుకు | ఆదివారం, రాత్రి 9:40

సంక్రాంతి సెలవులకు ఊరికొచ్చాను. ఉద్యోగం తిరుపతిలో, ఊరు పలమనేరు పక్కన. కౌండిన్య అడవి అంచున మాకు మూడెకరాలు. ఊరి పేరు చెప్పను, చెబితే మా నాయన ఎవరో ఇక్కడ సగం మందికి తెలిసిపోతుంది.

భోగికి రెండు రోజుల ముందు రాత్రి ఐదు ఏనుగులు చెరుకులోకి దిగాయి. అందులో ఒకటి పిల్ల. ఇంకో పది రోజుల్లో గానుగకు పోవాల్సిన తోట. తిన్నది కొంచెం, తొక్కింది ఎక్కువ. డ్రిప్పు పైపులు పీకి పోగేసినట్టు పడున్నాయి. బోరు దగ్గర స్టార్టరు పెట్టె కూడా పడగొట్టాయి. అందులో తినడానికేముందో వాటికే తెలియాలి.

మొదటి రాత్రి ఊరంతా కలిసి టపాకాయలు, డప్పులతో తోలాం. రెండో రాత్రి మళ్లీ వచ్చాయి. ఆ రాత్రి మా నాయన టపాకాయ వెలిగించలేదు. గట్టు మీద నిలబడి చేతులు జోడించి, "సామీ, తిన్నకాడికి తిని పో, తొక్కొద్దు" అన్నాడు. నాకు ఏనుగు కంటే ఆయన మీదే ఎక్కువ కోపమొచ్చింది. ఆ తోట మీద లక్షన్నర అప్పుంది.

ఆఫీసు గ్రూపులో ఫోటోలు పెడితే ఒకాయన రాశాడు: "పాపం, వాటి ఇంట్లోకి మీరు పోయి వాటినే దొంగలంటే ఎట్లా?" ఆ మాట మూడు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. పరిహారానికి ఎక్కడ అర్జీ పెట్టాలో నాకు తెలుసు, ఆ సలహాలు వద్దు. నేనడిగేది వేరే. అడవి ఎవరిది? పొలం ఎవరిది? ఏనుగు చేసిన పనికి తప్పని పేరు పెట్టొచ్చా? మేం అక్కడ బతకడమే తప్పా? పుస్తకాలు చదివినవాళ్లూ చెప్పండి, చదవనివాళ్లూ చెప్పండి.

బైరాగిపట్టెడ బాల్కనీ | ఆదివారం, రాత్రి 10:05

మీ నష్టానికి బాధగానే ఉంది. కానీ మీ ఆఫీసాయన మాటలో అబద్ధం ఏముంది? అడవిలో రోడ్డేశాం, రోడ్డు పక్కన దాబా పెట్టాం, దాబా వెనక ప్లాట్లు వేశాం. 2023 జూన్‌లో మీ పలమనేరు దగ్గరే హైవే మీద వాహనం గుద్ది మూడు ఏనుగులు చచ్చిపోయాయి. వాటి తరఫున అర్జీ పెట్టినవాళ్లెవరు? మనిషికి ఓటుంది, కోర్టుంది, టీవీ ఉంది. నోరు లేని జీవం ఆకలేసి నాలుగు గడలు తింటే దాన్ని తప్పని ఎట్లా అంటాం?

మీ నాన్నగారు చేతులు జోడించడం చదివి కళ్లు చెమర్చాయి. అదే మన సంస్కృతి.

మంచె కాపలా | ఆదివారం, రాత్రి 10:31

బాల్కనీ గారూ, నాలుగు గడలు కాదండీ. ఒక్క ఏనుగు రోజుకు నూట యాభై కిలోల దాకా తింటుంది. ఐదు వస్తే లెక్క మీరే కట్టుకోండి.

ఇంకో మాట. మీ బాల్కనీ కింద ఒకప్పుడు ఏముండేదో కనుక్కోండి. తిరుపతి ఉండేది శేషాచలం పాదాల దగ్గర. ఊరు పెరిగిందంతా అటువైపే. మీ మెట్ల దారిలోకి చిరుత వస్తే బోన్లు పెట్టి పట్టించారు. మా చేలోకి ఏనుగొస్తే మాత్రం సంస్కృతి గుర్తొస్తుంది. చేతులు జోడించినాయన భక్తితో జోడించాడో, చేసేదేం లేక జోడించాడో, ఆ రాత్రి గట్టు మీద చలిలో నిలబడితే తెలుస్తుంది.

నాది బైరెడ్డిపల్లె వైపు. మంచె మీద పడుకుని పదేళ్లయింది. ఇంట్లో మంచం మీద నిద్ర పట్టదిప్పుడు.

పలమనేరు చెరుకు | ఆదివారం, రాత్రి 10:38

మా నాయన్నే అడిగాను, భక్తా భయమా అని. "రెండూ ఒకటే కదరా" అన్నాడు.

రిటైర్డ్ అయ్యవారు | సోమవారం, ఉదయం 6:15

"వాటి ఇల్లు" అన్న మాట మీద చిన్న లెక్క చెబుతాను.

నేను కుప్పం వైపు బడిలో చేరిన కొత్తలో పిల్లలు ఏనుగును చూసింది పాఠంలో బొమ్మగానే. సుమారు రెండు వందల ఏళ్ల పాటు ఈ అడవుల్లో ఏనుగు లేదు. 1980ల మొదట్లో హోసూరు, ధర్మపురి అడవుల నుంచి చిన్న చిన్న గుంపులు ఇటు దాటాయి. అటు అడవి తరిగిపోయింది, కరువులొచ్చాయి, మేతా నీళ్లూ వెతుక్కుంటూ వచ్చాయి. 1990లో ప్రభుత్వం దాదాపు 357 చదరపు కిలోమీటర్ల మేర కౌండిన్య అభయారణ్యం ప్రకటించింది. అంటే మన జిల్లాకు ముందు ఏనుగు వచ్చింది, తర్వాత అభయారణ్యం వచ్చింది.

కాబట్టి చెరుకు అబ్బాయి తాత ఆ నేల దున్నినప్పుడు అక్కడ ఏనుగు లేదు. ఆయన ఎవరి ఇంట్లోకీ చొరబడలేదు. అయితే అంతకుముందు? ఉండేది. ఎందుకు పోయింది? పట్టుకుని ఉంటారు, తరిమి ఉంటారు, అడవి కొట్టి ఉంటారు. నువ్వు ఏ ఏడాది నుంచి లెక్క మొదలుపెడితే ఆ ఏడాదిని బట్టి ఇంటి యజమాని మారిపోతాడు. పొలం తగాదాల్లో చూడండి, ఎవరికి వాళ్లు తమకు పనికొచ్చే పాత కాగితమే తీస్తారు. ఏనుగు దగ్గర కాగితం లేదు కానీ జ్ఞాపకం ఉంది. గుంపును నడిపే ముసలి ఆడ ఏనుగుకు నీళ్లెక్కడ దొరుకుతాయో ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

"ముందు ఎవరు" అన్న ప్రశ్న పట్టుకుంటే ఏదీ తేలదని నాకనిపిస్తుంది. ఇప్పుడు ఇద్దరూ ఉన్నారు. అక్కడి నుంచి మాట్లాడదాం.

బైరాగిపట్టెడ బాల్కనీ | సోమవారం, ఉదయం 8:50

అయ్యవారూ, ఈ రెండు వందల ఏళ్ల సంగతి నాకు నిజంగా తెలీదు. ఎప్పుడూ అక్కడే ఉన్నాయనుకున్నాను. "చొరబాటు" అన్న అర్థంలో రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. మంచె గారు కోప్పడింది కూడా న్యాయమే.

అయినా ఒకటి అడుగుతా. ఇద్దరూ ఉన్నారు సరే, ఇద్దరిలో తగ్గాల్సింది ఎవరు? ఆలోచించగలిగినవాడే కదా?

కోర్టు మెట్లు | సోమవారం, మధ్యాహ్నం 1:20

భోజనం విరామంలో రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి.

చట్టం ఏమంటుందో ముందు చెప్తా. రాజ్యాంగంలో 48-ఎ అడవుల్నీ వన్యప్రాణుల్నీ కాపాడటం ప్రభుత్వం పని అంటుంది. 51-ఎ (జి) అదే పనిని పౌరుడి విధిగా చెబుతూ, ప్రాణులన్నిటి మీద దయ ఉండాలని కలిపింది. రెండూ 1976 సవరణలో వచ్చినవే. "దయ" అన్న మాట రాజ్యాంగంలో ఉండటమే నాకు ఆశ్చర్యం. కొలవలేని వస్తువును విధిగా పెట్టారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఏనుగుకు గట్టి రక్షణ ఉంది. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆత్మరక్షణ నేరం కాదని కూడా ఆ చట్టంలోనే ఉంది. చెరుకు మీదికొస్తే మాత్రం ఆ మాట వర్తించదు.

ఇప్పుడు అసలు సంగతి. మన దేశంలో గుళ్లో దేవుడు చట్టం దృష్టిలో ఒక వ్యక్తి. ఆయనకు ఆస్తి ఉంటుంది, ఆయన పేరు మీద దావా వేయొచ్చు. తిరుపతిలో పుట్టినవాళ్లకు ఇది వింతేమీ కాదు. మరి రాతి విగ్రహానికి ఉన్న హోదా ఆ విగ్రహం నిలబడ్డ కొండకు ఎందుకు లేదు? నేను చదువుకునే రోజుల నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. న్యూజీలాండ్ 2017లో వాంగనుయి నదికి వ్యక్తి హోదా ఇచ్చింది. అదే ఏడాది మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగకు, యమునకు ఇచ్చింది. జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపేసింది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ప్రశ్నల్లో ఒకటి: నది వరదై నష్టం చేస్తే బాధితులు ఎవరి మీద కేసు వేయాలి?

నవ్వొస్తుంది కానీ మన చెరుకు తోట ప్రశ్న కూడా అదే. హక్కు ఇస్తే బాధ్యత కూడా రావాలి కదా, ఏనుగు ఎట్లా మోస్తుంది? నా అభిప్రాయం: పసిపిల్లలకు హక్కులుంటాయి, బాధ్యతలుండవు. వాళ్లు పక్కింటి అద్దం పగలగొడితే తండ్రి కడతాడు. ఏనుగుకు రక్షణ ఇచ్చింది ప్రభుత్వం, అంటే మనందరం. కాబట్టి అది తొక్కిన తోటకు కట్టాల్సింది కూడా మనందరం. ఇప్పుడు ఎక్కువ భాగం కడుతున్నది ఆ గట్టు మీద నిలబడినాయన.

మంచె కాపలా | సోమవారం, మధ్యాహ్నం 2:02

లాయరు గారూ, ఈ మాట మీద మీకు మా తోటలో బెల్లం. ఈసారి మిగిలితే.

అలిపిరి కాలినడక | సోమవారం, సాయంత్రం 7:30

మంచె గారు మెట్ల మీద చిరుతల సంగతి ఎత్తారు కాబట్టి నేనూ చెప్పాలి. నెలకోసారి నడిచి కొండెక్కుతాను, ఇరవై ఏళ్లుగా.

2023 జూన్‌లో మెట్ల దారిలో చిరుత ఒక చిన్న పిల్లవాణ్ని నోట కరుచుకుపోయి వదిలేసింది. బతికాడు. ఆగస్టు 11 రాత్రి ఆరేళ్ల పాపను పట్టుకుపోయింది. పాప దక్కలేదు. ఆ తర్వాత వరసగా చిరుతల్ని బోన్లలో పట్టారు. భక్తుల చేతికి కర్రలిచ్చారు, చిన్నపిల్లలున్న వాళ్లను మధ్యాహ్నం దాటాక పంపలేదు, దారిలో జంతువులకు తిండి పెట్టొద్దన్నారు.

నేను ఆ వారమే నడిచాను. ఏడో మైలు దగ్గర ఎవరూ గోవిందా అనట్లేదు. అందరూ పొదల వైపే చూస్తున్నారు. ఇరవై ఏళ్లలో మొదటిసారి నాకది అడవి అని తట్టింది. అంతకుముందు మెట్లు, దీపాలు, మజ్జిగ, మైకు. చుట్టూ ఉన్నది నేషనల్ పార్కు అని, 1989 నుంచే అని బోర్డు మీద చదివి కూడా ఎక్కించుకోలేదు.

ఆ పాప తల్లిదండ్రుల ముందు నిలబడి "అది చిరుత ఇల్లు" అని ఎవరైనా అనగలరా? నేను అనలేను. కానీ అదే మెట్ల మీద జింకకు బిస్కెట్టు పెట్టి ఫోటో తీసుకున్నవాణ్ని నేను. తిన్నది తిని విసిరేస్తాం, దానికి కుక్కలూ పందులూ జింకలూ చేరతాయి, వాటి వెనక చిరుత వస్తుంది. చిరుతకు ఆ దారి చూపించినవాళ్లలో నేనూ ఉన్నాను. దీన్ని తప్పంటారా? ఉద్దేశం లేకుండా చేసిన తప్పు తప్పేనా? అయ్యవారైనా లాయరు గారైనా చెప్పండి.

తోతాపురి | సోమవారం, సాయంత్రం 7:44

ఇంత చర్చ దేనికి సామీ. చిరుతను జూకు పంపించు, ఏనుగును కర్ణాటకకు తోలు, అయిపోయింది. వాళ్లు మామిడికి రేటు రానీయరు, ఏనుగులైనా తీసుకోనీ.

అడ్మిన్ | సోమవారం, సాయంత్రం 8:10

మామిడి రేటు కోసం వేరే చర్చ నడుస్తోంది, అక్కడ కలుద్దాం. ఏనుగు సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఆగదు కాబట్టి ఆ సలహా పక్కన పెడదాం. పైగా అడవి ఏనుగుల్ని తోలడానికి తర్ఫీదిచ్చిన కుంకీ ఏనుగుల్ని 2025 మేలో మనకు పంపింది కర్ణాటకే.

ఎస్వీయూ ఫిలాసఫీ | సోమవారం, రాత్రి 9:55

ఎం.ఏ. చదువుతున్నాను. క్లాసులో ఈ ప్రశ్నలే చదివాం, కానీ అన్నీ ఎక్కడో నార్వే కొండలు, అమెరికా అడవులు. ఇక్కడ చదువుతుంటే కొత్తగా ఉంది.

స్థూలంగా రెండు దారులున్నాయి. ప్రకృతికి విలువ మనిషికి పనికొచ్చినంత మేరకే అనేది ఒకటి. నీళ్ల కోసం, గాలి కోసం అడవి కావాలి, కాబట్టి కాపాడుకోవాలి. మనిషి లేకపోయినా దానికి దాని విలువ ఉంటుందనేది రెండోది. నార్వే ఆయన ఆర్నె నెస్ 1973లో దీనికి డీప్ ఎకాలజీ అని పేరు పెట్టాడు. మనిషి ప్రకృతికి ఓనరు కాదు, అందులో ఒక భాగం అంతే అని.

రెండోది వినగానే గొప్పగా ఉంటుంది. నేనూ మొదటి సెమిస్టరంతా దాని వైపే. తర్వాత రామచంద్ర గుహ 1989లో రాసిన వ్యాసం చదివాను. మనుషులు లేని అడవి కావాలనే ఆలోచనను మన లాంటి దేశానికి తెచ్చిపెడితే ఆ భారం అడవి పక్కన బతికే పేదల మీద పడుతుందని, పులుల పార్కుల్లో జరిగింది అదేనని ఆయన వాదన. మంచె గారు ఆ వ్యాసం చదివి ఉండరు, కానీ నిన్న రాత్రి ఆయన రాసింది అదే.

అయితే మన పక్కనే ఇంకో కథ ఉంది. కలివికోడి. జెర్డన్ అనే ఆయన 1848లో కనుక్కున్న పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. దాని కోసం అభయారణ్యం పెట్టారు, తెలుగుగంగ కాలువ దారి మార్చారు. రాయలసీమలో కాలువ దారి మార్చడమంటే మాటలు కాదు. పంట తినదు, చందనం ఇవ్వదు, దాని పేరు మీద గుడి లేదు. ఎవరికీ ఏ పనికీ రాని జానెడు పిట్ట. దాని కోసం కాలువ పక్కకు జరిగింది. ఇది ఏ దారి కింద వస్తుందో నేను పరీక్షలో రాయలేకపోయాను.

అలిపిరి అంకుల్, మీ ప్రశ్నకు: ఉద్దేశం లేకపోతే నేరం తగ్గుతుంది, కానీ తెలిశాక మళ్లీ బిస్కెట్టు పెడితే అది వేరే.

మంచె కాపలా | సోమవారం, రాత్రి 10:20

పాపా, పిట్ట ఉన్నచోట కాలువ పక్కకు జరిపారు, సంతోషం. ఆ పిట్ట ఎవరి కడుపూ కొట్టలేదు. దయ చూపడం సులువు. మా పక్క ఊళ్లో ఏనుగు తొక్కి మనిషి పోయాడు. ఆ ఇంటికి పోయి దాని విలువ దానికుందని చెప్పమంటే చెప్పగలవా?

ఎస్వీయూ ఫిలాసఫీ | సోమవారం, రాత్రి 10:26

చెప్పలేను అన్నా.

కాళహస్తి కోడలు | మంగళవారం, ఉదయం 11:10

వంట పని మధ్యలో చదివాను, మొత్తం చదివేసరికి పులుసు మాడింది.

మా ఊరి పేరులోనే జవాబుందనిపించింది. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడూ శివుణ్ని కొలిచాయి. పాము రోజూ మణులు తెచ్చి లింగం మీద పెట్టేది. ఏనుగు నీళ్లతో అభిషేకం చేసి మారేడు దళాలు పెట్టేది. ఏనుగు వచ్చి చూస్తే రాళ్లు, తోసేసేది. పాము వచ్చి చూస్తే ఆకులు, నీళ్లు. తన పూజ ఎవరో పాడు చేస్తున్నారని రెండిటికీ కోపం. చివరికి పాము తొండంలో దూరింది, ఏనుగు తల బాదుకుంది, రెండూ చచ్చాయి. శివుడు రెండిటికీ మోక్షం ఇచ్చాడు.

చిన్నప్పటి నుంచి దీన్ని భక్తి కథగానే విన్నాను. నిన్న రాత్రి ఇంకోలా అనిపించింది. ఒకరి పూజ ఇంకొకరికి చెత్తలా కనపడింది. మీ నాన్నగారి మూడెకరాల చెరుకు ఏనుగుకు గడ్డి. అది నడిచే దారి మీ నాన్నగారికి ఖాళీ బీడు. ఇద్దరిలో చెడ్డవాళ్లెవరూ లేరు. అయినా ఇద్దరూ చస్తున్నారు.

కథలో శివుడు ఆఖరికి వచ్చాడు. చచ్చాక వచ్చాడని మా అత్తగారి కంప్లైంటు. ముందే వచ్చి మణులు ఈ పక్క, మారేడు ఆ పక్క అని చెప్పి ఉంటే సరిపోయేది కదా అంటుంది.

కోర్టు మెట్లు | మంగళవారం, ఉదయం 11:32

మీ అత్తగారు మా వృత్తిలోకి రావాల్సింది అమ్మా.

భాకరాపేట కనుమ | మంగళవారం, సాయంత్రం 6:05

ఫిలాసఫీ అమ్మాయి "పనికొచ్చినంత మేరకే విలువ" అంది. దాని చివర ఎక్కడుంటుందో మా వైపు చూశాం.

ఎర్రచందనం. ప్రపంచంలో సహజంగా పెరిగేది మన కొండల్లోనే: శేషాచలం, వెలిగొండ, లంకమల, నల్లమల దక్షిణ కొస. మా తాతల కాలంలో దాంతో బొమ్మలు చేసేవారు, గుంజలకు వాడేవారు. చైనాలో సామాన్లకి, జపాన్‌లో వాద్యాలకి గిరాకీ వచ్చాక అది చెట్టు కాకుండా పోయింది, రేటయింది. 2013 డిసెంబరులో అడవిలో ఇద్దరు అటవీ అధికారుల్ని కొట్టి చంపారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన ఇరవై మంది చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులు, పట్టుకుని చంపారని హక్కుల సంఘాలు. ఆ గొడవలోకి నేను పోను. నేను చూసింది ఒకటే. ఆ ఇరవై మందిలో చందనం కొనగలిగినవాడు ఒక్కడూ లేడు. కూలికి వచ్చినవాళ్లు.

చెట్టుకు విలువ కట్టకపోతే నరికేస్తారంటారు. కట్టితే ఇంకా ఎక్కువ నరికారు. అందుకే "అడవి ఎన్ని కోట్ల సేవలందిస్తుంది" అని ఎవరైనా లెక్కలు చెబితే నాకు భయమేస్తుంది. మనసులో విలువ వేరు, సంతలో రేటు వేరు. రేటు కట్టిన రోజున దొంగ కూడా అదే లెక్క చదువుతాడు.

చెట్టు కోసం మనిషిని కాల్చొచ్చా అని అడిగితే నా జవాబు కాల్చకూడదని. చెట్టు పోయినా పర్లేదా అంటే పర్లేదని కూడా అనలేను. రాత్రిపూట కనుమ దారిలో లారీ చప్పుడు వింటే ఇప్పటికీ లేచి కూర్చుంటాను.

వి.కోట బోరు | మంగళవారం, రాత్రి 9:15

అందరూ ఏనుగు చుట్టూ తిరుగుతున్నారు. అది పెద్దది కాబట్టి కనపడుతుంది.

మా చేలో ఇప్పటికి ఆరు బోర్లు వేశాం. మొదటిది మా నాయన రెండు వందల అడుగుల్లో కొట్టాడు. ఆఖరిది నేను వెయ్యి దాటించాను. నీళ్లొచ్చిన రోజు పాయసం వండుకున్నాం. వారానికి పక్క చేను ముసలాయన బోరు గాలి కొట్టింది. ఆయనకు నా మీద కోపం లేదు, "నీ అదృష్టంరా" అన్నాడు. నేను ఆయన నీళ్లు తాగేశానని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఏనుగు చెరుకు తింటే ట్రాకర్లు వస్తారు, పేపరోళ్లు వస్తారు. నేను ఆయన బోరు తాగితే ఎవరొచ్చారు? ఎవరికి అర్జీ పెట్టాలి ఆయన?

ఆ వెయ్యి అడుగుల కింద నీళ్లు ఏ కాలంలో ఇంకిన వాన? ఎవరి కోసం దాచిన నీళ్లు? నా కొడుకు ఎంత లోతుకు పోవాలి? పుట్టనివాడి నీళ్లు తాగడం తప్పో కాదో మీ ఫిలాసఫీలో ఉంటే చెప్పు తల్లీ.

2025 ఆగస్టులో హంద్రీ–నీవా నీళ్లు కుప్పం దాకా వచ్చాయి. కృష్ణమ్మను శ్రీశైలం నుంచి పంపులతో మెట్లు మెట్లుగా ఎత్తుకొస్తున్నారు. మొక్కాను, పువ్వులేశాను. చెరువులు నిండితే బోరు మీద భారం తగ్గుతుంది. అదే చెరువుల్ని మేమే పూడ్చుకున్నాం అనేది ఇంకో చర్చ.

రిటైర్డ్ అయ్యవారు | మంగళవారం, రాత్రి 9:50

ఇంకో చర్చ ఎందుకు నాయనా, ఇక్కడే ఒక మాట. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్టకు గండి పడుతుందని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. తిరుపతి వీధుల్లో నీళ్లు పారాయి. స్వర్ణముఖి ఇళ్లు లాక్కుపోయింది. ఆ వారం మా వీధిలో ఒకాయన "ప్రకృతి పగబట్టింది" అన్నాడు. ఆయన ఇల్లు పాత వాగు మీదుంది. వాగుకు పగ ఏముంటుంది, అది తన దారిన పోయింది.

మీ ప్రశ్నకు ఫిలాసఫీ అమ్మాయి జవాబు చెప్పేలోపు నా అనుభవం: పుట్టనివాళ్ల గురించి మన పెద్దవాళ్లు నీతులు చెప్పింది తక్కువ, చింత చెట్లు నాటింది ఎక్కువ. చింత కాపుకు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలిసే నాటారు.

ఎస్వీయూ ఫిలాసఫీ | మంగళవారం, రాత్రి 10:12

వి.కోట అన్నా, మీ ప్రశ్నకు పుస్తకాల్లో జవాబులున్నాయి కానీ ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. పుట్టనివాడికి హక్కేమిటి అనేవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం మీరు పక్కాయన బోరు గురించి రాసిందే గుచ్చుకుంది. ఆయన పుట్టినవాడే, ఎదురుగా ఉన్నవాడే. ఆయన విషయంలోనే మనకు చేతకాలేదు.

పలమనేరు చెరుకు | బుధవారం, రాత్రి 8:40

అందరికీ దండాలు. ఇన్ని రాస్తారనుకోలేదు. మొదటి రోజు నేనొకటి దాచాను, ఇప్పుడు చెప్పాలి.

మా నాయన చేతులు జోడించిన మర్నాడు నేను కరెంటు తీగ కొనుక్కొచ్చాను. సోలార్ కంచె కాదు. స్తంభం నుంచి నేరుగా లాగేది. అది ఏం చేస్తుందో నాకు తెలుసు. నేరమని కూడా తెలుసు. ఇరవై ఎనిమిది ఏళ్లవాణ్ని, చదువుకున్నవాణ్ని, ఆఫీసులో మొక్కల దినం రోజు స్టేజీ ఎక్కి మాట్లాడినవాణ్ని. తీగ చుట్ట చేతిలో ఉన్నప్పుడు అదేం గుర్తు రాలేదు. లక్షన్నరే గుర్తుంది.

నాయన చూశాడు. తిట్టలేదు. ఏనుగు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. "పొద్దున్నే మేకల్ని తోలుకుపోయే పిల్లోడు ఈ గట్టు మీదే పోతాడు" అన్నాడు. అంతే. తీగ తీసుకుపోయి పశువుల కొట్టంలో తగిలించాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. రోజూ కనపడుతుంది.

నన్ను ఆపింది ఏనుగు మీద దయ కాదు, మేకల పిల్లోడి భయం. పిల్లోడు ఆ దారిన పోకపోయి ఉంటే? నాయనకు ఇంకో మాట దొరికేదా? అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి "ఏనుగుక్కూడా పిల్లుంది కదా, చూళ్లేదా" అన్నాడు. ముందు ఇదెందుకు చెప్పలేదంటే, "అది చెబితే నువ్వు వినే స్థితిలో లేవు" అన్నాడు.

లాయరు గారు చెప్పిన "మనందరం కట్టాలి" అన్న మాట ఆయనకు చదివి వినిపించాను. బాగుందన్నాడు. ఎప్పుడు కడతారని అడిగాడు.

బైరాగిపట్టెడ బాల్కనీ | బుధవారం, రాత్రి 9:02

తమ్ముడూ, నువ్వు తీగ సంగతి రాయకపోయినా ఎవరికీ తెలిసేది కాదు.

నా చేతనైంది అడుగుతున్నా. మిగిలిన చెరుకు బెల్లం వండితే తిరుపతిలో మా అపార్టుమెంటులో నలభై ఇళ్లున్నాయి. రేటు మీ నాన్నగారే చెప్పాలి. ఇది జాలి అనుకోవద్దు, మాకు మంచి బెల్లం దొరకట్లేదు.

మంచె కాపలా | బుధవారం, రాత్రి 9:10

బాల్కనీ గారూ, మా వైపు బెల్లం కూడా ఉంది. ఊరికే చెబుతున్నా.

తోతాపురి | బుధవారం, రాత్రి 9:16

ముసలిమడుగు క్యాంపులో ఉన్న కుంకీల్ని ఒకసారి మీ వైపు అడగండి. మొన్న వెటకారంగా రాశాను, ఇది నిజంగానే చెబుతున్నా.

పలమనేరు చెరుకు | గురువారం, రాత్రి 11:48

నిద్ర పట్టక రాస్తున్నా. ఇంతకుముందే గుంపు మళ్లీ దిగింది. మేం గట్టు మీదే ఉన్నాం. ముసలి ఏనుగు మా తోట మొదట్లో ఆగి, తొండం ఎత్తి వాసన చూసి, పక్క చేలోకి తిరిగింది. పిల్ల దాని కాళ్ల మధ్యే నడుస్తోంది.

నాకు సంతోషమేసింది. పక్క చేను చిన్నాయనది, వరుసకు మా నాయన తమ్ముడు. ఆయన అరటి గెలలు వేసి ఉన్నాయి. అవి విరుగుతున్న చప్పుడు వినపడుతుంటే కూడా ఆ సంతోషం పోలేదు. వి.కోట అన్న పాయసం వండుకున్న రోజు గుర్తొచ్చింది.

చిన్నాయన ఇప్పుడే ఫోన్ చేశాడు, టపాకాయలు ఏమైనా మిగిలాయా అని. నాయన అప్పుడే టార్చి పట్టుకుని బయల్దేరాడు. ఆయన వెనకే పోతున్నా.